ఐలవ్వ నిద్రపుచ్చిన పొయ్యి

ఐలవ్వకు ఒక ప్రశ్న పుట్టిందంటే అది తేలేదాకా అన్నం సయించదు. ధూళిమిట్టలో పుట్టింటివాళ్లు ఆ సంగతి బయటపెట్టకుండా పెళ్లి చేసి సిద్దిపేటకు పంపించారు. ముందే చెప్పి ఉంటే అత్తింటివాళ్లు కాస్త ఆలోచించేవాళ్లేమో. కాపురానికి వచ్చిన వారం తిరక్కముందే, అన్నం కుండ మీద మూతను ఎగరేసేది ఎవరని అత్తను అడిగింది. పచ్చికట్టె మండేటప్పుడు చివర నురగ కక్కుతుంది కదా, ఆ నీళ్లు కట్టెలో ఎక్కడ దాక్కున్నాయని అడిగింది. అత్త కొమురవ్వ ఒక్క మాటతో తేల్చేసింది.

"నీకేం పనిలేదానె పిల్లా?"

పనిలేక కాదు. పిండి విసురుతూనే అడిగేది, పేడనీళ్లు చల్లుతూనే అడిగేది. చేతులు పనిలో ఉన్నప్పుడే ఆమె బుర్రకు తీరిక దొరికేది.

వాళ్లది కల్లు గీసే కుటుంబం. సిద్దిపేట ఊరి చివర, తాటివనానికి పోయే బాటను ఆనుకుని ఇల్లు. ఐలవ్వ భర్త కాశయ్య పొద్దున ఒకసారి, మధ్యాహ్నం అన్నం తిన్నాక ఇంకోసారి, మోకు భుజాన వేసుకుని వనంలోకి పోతాడు. మోకంటే గీసేవాడు తన నడుముకూ చెట్టుకూ కలిపి వేసుకునే తాడు. చెట్టు మీద ఉన్నంతసేపు ఆ మనిషి ప్రాణం దానిమీదే ఆధారపడి ఉంటుంది. అన్ని తాటిచెట్లు ఎక్కి దిగి వచ్చేసరికి అతని రొమ్మూ తొడలూ గీరుకుపోయి, కీళ్లు పట్టేసి ఉంటాయి. వేడివేడి నీళ్లు ఒంటిమీద పడకపోతే మర్నాడు లేవలేడు. అందుకని గీసేవాళ్ల ఇళ్లలో వంటపొయ్యి వేరు, పెరట్లో నీళ్లపొయ్యి వేరు. దానిమీద మనిషి కూర్చుంటే మునిగేంత రాగి కాగు.

ఇంతవరకు ఎవరింట్లోనైనా ఉన్నదే. కొమురవ్వ ఇంటి పద్ధతి మాత్రం ఇంకెక్కడా లేదు. కొడుకు మోకు భుజాన వేసుకుని గడప దాటగానే నీళ్లపొయ్యి వెలగాలి. అతను తిరిగొచ్చి నీళ్లు పోసుకునేదాకా ఆరకూడదు. మధ్యలో ఆరిందా, చెట్టు మీదున్న మనిషికి మోకు జారుతుంది.

కాశయ్య అది తమ వంశంలో ఎప్పటినుంచో ఉన్న ఆచారమనుకున్నాడు. మోకు పట్టిన నాటి నుంచి చూస్తున్నదాన్ని గురించి అడగాలని ఎవరికి తోస్తుంది? ఐలవ్వకు తోచింది. ఒకటికి పదిసార్లు అడిగింది. ఒకరోజు కందులు చెరుగుతూ కొమురవ్వ, కోడలి పోరు పడలేకనో, ఎవరికో ఒకరికి చెప్పుకోవాలనిపించో, నోరు విప్పింది.

కాశయ్య చనుబాలు తాగే రోజుల్లో, ఒక మధ్యాహ్నం వాడికి పాలిస్తూ కొమురవ్వ కునికింది. లేచి చూసేసరికి పొయ్యి ఆరిపోయి ఉంది. పక్కింటికి పోయి నిప్పు తెద్దామని బయటికి వచ్చింది. ఎదురుగా బాట మీద నలుగురు మనుషులు మంచం మోసుకొస్తున్నారు. మంచం మీద ఆమె భర్త భూపతి. తాటిచెట్టు మీదినుంచి పడ్డాడు.

"మా అత్త అన్నది," కొమురవ్వ చేటలోకే చూస్తూ చెప్పింది. "నువ్వు పండుకున్నవ్, పొయ్యి పండుకున్నది, నా కొడుకు పండుకున్నడు అన్నది. గా మాట అన్నంక ఇగ ఏమన్లే. అనాల్సిన పని గూడ లేకుంటైంది."

కడుపుకోతలో ఒక ముసలామె అన్న మాట అది. అన్నావిడ కొన్నాళ్లకే పోయింది. మాట పడ్డావిడ మాత్రం దాన్ని విడిచిపెట్టలేదు. భర్తను పోగొట్టుకున్న బాధ ఒకటి, పోగొట్టింది తానేనన్న బాధ ఇంకొకటి. ఆ రోజు నుంచి మధ్యాహ్నం వేళ కొమురవ్వ రెప్ప వాల్చింది లేదు. కాశయ్య పెద్దవాడై మోకు పట్టిన నాటి నుంచి పొయ్యి దగ్గర పీట వేసుకుని కూర్చుంది. కట్టె ఎగదోస్తూ, ఊదుకుంటూ, పొగ తాగుతూ.

ఆ పొగ ఊరికే పోలేదు. ఐలవ్వ కాపురానికి వచ్చేనాటికే అత్త కళ్లు ఎప్పుడూ ఎర్రగా, నీళ్లు కారుతూ ఉండేవి. తరువాత తరువాత సూదిలో దారం ఎక్కించలేకపోయింది. ఆ పైన ఎదుటి మనిషి మొహం పోల్చుకోలేక గొంతు విని పలకరించేది. కాశయ్య బతిమాలి దవాఖానకు తీసుకుపోతే, అక్కడి డాక్టరు రెప్పలు ఎత్తి చూసి, మందు చుక్కలు వేసి, పొయ్యి దగ్గరికి పోవద్దని చెప్పాడు. పొగలో కూర్చుంటే ఉన్న ఆ కాస్త చూపూ పోతుందని, తన మందు దానికేమీ చేయలేదని ఖరాఖండిగా చెప్పాడు. కొమురవ్వ తలూపింది. ఇంటికొచ్చి మోకు చప్పుడు వినగానే పీట వెతుక్కుంది.

"నీ కండ్లు పోతయవ్వా!" కాశయ్య అరిచాడు.

"పోనీ తియ్యి. నా కండ్లు ఎక్కువనా, నువ్వు ఎక్కువనా?"

కాశయ్య కళ్లు తుడుచుకుంటూ వనానికి పోయాడు. ఐలవ్వ ఆ పీటను ఒకసారి అటక మీద దాచేసింది కూడా. అత్త నేలమీదే చతికిలబడి కూర్చుంది.

జర్మనీ లడాయి నడుస్తున్న రోజులవి. బొగ్గు దొరక్క పట్నం కట్టెల మీద పడింది. అక్కన్నపేట వైపు నుంచి వచ్చే కట్టెల బండ్లు సిద్దిపేటలో ఆగకుండానే పోతున్నాయి. కంచెల్లో ఎండుపుల్ల ఏరుకుందామంటే అడవిని కాసే జంగ్లాతు జవాన్లు గొడ్డళ్లు గుంజుకుంటున్నారు. దొరికేవి పచ్చికట్టెలూ తుమ్మ మొద్దులూ. అవి మండేదానికంటే పొగ కక్కేదే ఎక్కువ. ఇంట్లో కట్టెల మోపు కరిగిపోతున్నకొద్దీ కొమురవ్వ చుట్టూ పొగ చిక్కబడింది. అప్పుడు పుట్టింది ఐలవ్వకు ఆమె జీవితంలోకెల్లా పెద్ద ప్రశ్న. ఒక కాగెడు నీళ్లు కాగడానికి ఇంత కట్టె ఎందుకు కావాలి? పొయ్యి తిన్న కట్టె అంతా ఎటు పోతున్నట్టు?

ఆమె దాన్ని వెతకడం మొదలుపెట్టింది. పొయ్యి మండుతుండగా చుట్టూ తిరుగుతూ అరచెయ్యి పెట్టి చూసేది. మూడు రాళ్ల సందుల్లోంచి మంట బయటికి నాలుక చాస్తోంది, అక్కడ వేడి. వెనక గోడ కాలిపోతోంది, అక్కడా వేడి. కాగు మీద ఆవిరి, అది ఆకాశానికి పోయే వేడి. పెరట్లో వీధికుక్క పొయ్యికి వీపు ఆనించి హాయిగా పడుకుని ఉంది.

"అత్తా, నీ కొడుకు నీళ్లకన్న గీ కుక్కకే ఎక్కువ కట్టె పోతున్నది," అంది ఐలవ్వ.

"దాని పాలు దానికి పోనీయే."

ఐలవ్వ పోనివ్వలేదు. కుమ్మరి వాముల దగ్గర నుంచి మట్టి తెచ్చి, ఊక కలిపి తొక్కి, కాగు చుట్టూ నడుమెత్తు గోడ కట్టింది. గాలి పోయేందుకు పడమటి వైపు ఒకే ఒక నోరు ఉంచింది. వెనక ఎలుక దూరేంత పొగదారి వదిలింది. కాగు మీద పాత చెక్క మూత, దానిమీద తడి గోనెపట్టా. ఇరుగుపొరుగు ఆడవాళ్లు వచ్చి చూసి ముక్కున వేలేసుకున్నారు. ఐలవ్వ నీళ్లపొయ్యికి చీర కట్టిందని నవ్వుకున్నారు. నవ్వినవాళ్లే రెండురోజులకు మట్టి ఎక్కడిదని అడగడానికి వచ్చారు. కట్టె సగానికి సగం తగ్గింది. కుక్క వేరే ఇల్లు చూసుకుంది.

అయినా కొమురవ్వ కదల్లేదు. కట్టె తగ్గినా పొయ్యి వెలగాల్సినంతసేపు వెలగాల్సిందే. ఇక్కడే అసలు చిక్కు ఉందని ఐలవ్వకు అర్థమైంది. ఇంత గోడా మూతా ఉన్నాక, నీళ్లు కాగడానికి పట్టేది కొంచెం సేపే. కాశయ్య దిగొచ్చే ముందు కాసేపు మండితే చాలు. మిగతా మధ్యాహ్నమంతా మండే మంట నీళ్ల కోసం కాదు, భయం కోసం. ఆ భయానికి ఎంత కట్టె వేసినా చాలదు.

"అత్తా, పొయ్యి ఆరొద్దు, గంతేనా? మండాలె అని ఏమన్న ఉన్నదా?" ఒకనాడు అడిగింది.

కొమురవ్వ ఆలోచించింది. ఇన్నేళ్లలో ఆ ప్రశ్న ఆమె వేసుకోలేదు. "ఆరొద్దు. నిప్పు ఉండాలె."

"మరి బూడిద కింద నిప్పుంటే?"

వంటపొయ్యిలో రాత్రి కప్పిపెట్టిన నిప్పు పొద్దునకు ఉండదూ? మొద్దును బాగా అంటుకోనిచ్చి, పైన బూడిద కప్పి, నోటికి రేకు అడ్డం పెడితే నిప్పు చావదు. పండుకుంటుంది. రేకు తీయగానే గాలి తగిలి లేస్తుంది. ఐలవ్వ ఇది చేసి చూపించింది. రేకు తీసి అత్త చేతిని బూడిదమీద పెట్టించింది. లోపలి వెచ్చదనం తగిలి కొమురవ్వ వేళ్లు ఆగాయి.

"చూసినవా? సావలే. పండుకున్నది."

"గా పండుకునుడే నాకు భయం బిడ్డా," అంది కొమురవ్వ.

ఐలవ్వ నాలుక కరుచుకుంది. కానీ కొమురవ్వ కాదనలేదు. రోజూ మధ్యలో వచ్చి బూడిదమీద చెయ్యి పెట్టి చూసుకుంటానని ఒప్పుకుంది. పొగ లేదు కాబట్టి కళ్లకు బాధ లేదు. ఇక ఒక్కటే మిగిలింది. రేకు తీసేది ఎవరు? ఐలవ్వ మధ్యాహ్నాలు కూలికి కలుపు తీయడానికి పోతుంది, వచ్చేసరికి పొద్దు వాలుతుంది. రేకు తీసే పని అత్తకు అప్పగిస్తే, వేళ ఎక్కడ దాటిపోతుందోనని పొయ్యి ముందే కూర్చుంటుంది. అంటుకున్నాక ఎగదోస్తూ మళ్లీ పొగలోనే ఉంటుంది. మనిషి లేకుండా రేకు తనంతట తాను లేవాలి. వేళకు లేవాలి.

దీనికి జవాబు వనంలో దొరికింది. ఒక పొద్దున కాశయ్యకు సద్ది తీసుకుపోయి, చెట్టు మొదట్లో కూర్చుని పైకి చూస్తోంది. గీసిన గెల కొసన ఒక చుక్క ఊరింది. వేలాడింది. కింద కట్టిన లొట్టిలో పడింది. లొట్టి అంటే చెట్టుకు కట్టే మట్టి ముంత. మళ్లీ ఇంకో చుక్క ఊరింది. పొద్దున ఖాళీగా కట్టిన లొట్టి సాయంత్రానికి నిండుతుంది. ఎవరూ పక్కన కూర్చుని నింపరు. పొద్దు పోతున్న కొద్దీ అది బరువెక్కుతుంది, అంతే.

"ఏందే, నోరు తెరుసుకొని చూస్తున్నవ్? కల్లు నోట్ల పడ్తదనా?" కాశయ్య పైనుంచి అరిచాడు.

"గా లొట్టికి పొద్దెంతయిందో ఎరుకయ్యా!" అంది ఐలవ్వ. కాశయ్యకు ఒక్క ముక్క అర్థం కాలేదు. పెళ్లాం మాటలు సగం అర్థం కాకపోవడం అతనికి అలవాటే.

ఇంట్లో లొట్లకు కొదవా? పెరటి పందిరి దూలానికి ఒక లొట్టి కట్టి, అడుగున చిల్లు పొడిచి, చిల్లులో గుడ్డపేలిక దూర్చింది. అందులో నీళ్లు పోస్తే చుక్క చుక్క కారుతుంది. దాని కింద ఇంకో లొట్టి. ఈ కింది లొట్టి తాడు పాత గిలక మీదుగా పోయి పొయ్యి నోటికున్న రేకుకు కట్టి ఉంది. పై లొట్టి కారుతున్న కొద్దీ కింది లొట్టి బరువెక్కుతుంది. రేకు బరువును మించగానే కిందికి దిగుతుంది. రేకు పైకి లేస్తుంది. పడమటి గాలి పొయ్యిలోకి పోతుంది. నిప్పు లేచి, మొద్దు మీద పేర్చిన చితుకులు అందుకుంటుంది.

చెప్పడానికి ఇంతే. చేయడానికి ఐలవ్వకు ఒక పంటకాలమంతా పట్టింది. మొదటిరోజు పేలిక వదులై నీళ్లు బొళబొళా కారి, కాశయ్య గడప దాటకముందే రేకు లేచింది. అతను పడీ పడీ నవ్వాడు. బిగించి కూరితే మర్నాటిదాకా లేవలేదు. గిలక బిగుసుకుంటే ఆముదం పూసింది. ఒకసారి రేకు లేచింది గాని కింది లొట్టి నేలకు కొట్టుకుని పగిలింది. రేకు మళ్లీ మూసుకుంది. పొయ్యి మొహం మీద పెళ్లున తలుపేసినట్టయింది ఆమెకు. కింద వరిగడ్డి చుట్ట పెట్టింది. ప్రతి తప్పునూ కోపంతో కాక, ఇదిట్లా ఎందుకైందన్న ఆత్రంతో చూసేది. అదీ ఐలవ్వ గొప్పతనం అంటాను నేను. మనలో చాలామందిమి లొట్టి పగిలితే తిట్టుకుంటాం. ఆమె పెంకులు చేతిలోకి తీసుకుని చూసేది.

చివరికి కుదిరింది. కలుపు తీసి వచ్చేసరికి రేకు పైకెత్తి ఉండేది, కాగు లోపల సన్నగా గుయ్యిమనేది. కాశయ్య వచ్చేసరికి నీళ్లు పొగలు కక్కుతుండేవి. ఒకప్పుడు రోజుకు పోయిన కట్టె ఇప్పుడు నాలుగు రోజులు వచ్చింది. కొమురవ్వ మంచం పెరట్లోంచి ముందు పందిరి కిందికి మారింది. నెల తిరిగేసరికి కళ్ల ఎరుపు తగ్గింది. ఒకరోజు కోడలి మొహం వైపు చూసి, నీ ముక్కుపుల్ల కొత్తదా అని అడిగింది. అది పెళ్లినాటిది. ఐలవ్వ లోపలికి పోయి కొంగుతో మొహం కప్పుకుని ఏడ్చింది.

కానీ పడుకునేది మాత్రం కాదు కొమురవ్వ. మంచం మీద నిటారుగా కూర్చుని, మాటిమాటికీ గోడ పట్టుకుని పెరట్లోకి పోయి, బూడిదమీద చెయ్యి పెట్టి వచ్చేది. పొగ పోయింది గాని కావలి పోలేదు. ఆ కావలి ఎట్లా మాన్పించాలో ఐలవ్వకు తోచలేదు. దానికి గిలకా లేదు, లొట్టీ లేదు.

మృగశిర దాటి వానలు పట్టిన రోజుల్లో, ఒక సాయంత్రం ఐలవ్వ కలుపు నుంచి ఇంటికి వచ్చింది. పెరట్లోకి అడుగుపెట్టగానే చెవికి ఏదో తక్కువైంది. కాగు గుయ్యిమనడం లేదు. రేకు మూసే ఉంది. పై లొట్టి నిండుగా ఉంది. కింది లొట్టిలో అడుగున కాసిని నీళ్లు. చుక్క పడటం లేదు. పై లొట్టి అడుగు తడిమి చూస్తే చిల్లు మీద గట్టిగా, తెల్లగా, బొటనవేలు ముద్రతో సహా సున్నం మెత్తి ఉంది.

ఎవరు చేశారో చెప్పక్కర్లేదు. సున్నపు కాయ, అంటే సున్నం డబ్బా, ఎప్పుడూ నడుముకు ఉండేది రాజమల్లయ్యకే. పక్కింటి ముసలి గీతగాడు, భూపతితో కలిసి చెట్లెక్కినవాడు, కాశయ్యకు గీత నేర్పినవాడు. కత్తి నూరే రాయి కోసం వచ్చి ఉంటాడు. పందిరికి వేలాడుతున్న లొట్టి అడుగు నుంచి కారుతుంటే గీసేవాడు చూస్తూ ఊరుకుంటాడా? కారే లొట్టిని మూయకుండా దాటిపోవడం ఆ కులంలో ఎవరి చేతా కాదు. నిద్రలో ఉన్నా లేచి మూస్తారు. ఆ లొట్టి దేనికో తెలియక, మేలు చేశాననే అనుకుని వెళ్లి ఉంటాడు.

ఐలవ్వ రేకు లాగి లోపల చెయ్యి పెట్టింది. వానలకు చెమ్మ ఎక్కిన బూడిద, చల్లగా. వేళకు గాలి అందక మొద్దు ఎప్పుడో నల్లబడి చచ్చిపోయింది.

అత్త ఇటు రాలేదా? చెయ్యి పెట్టి చూడలేదా? ఆమె ముందు పందిరి వైపు పరుగెత్తింది. కొమురవ్వ మంచం మీద ఒత్తిగిలి పడుకుని ఉంది. చల్లగాలికి, ఇన్ని నెలల తరువాత, ఇన్నేళ్ల తరువాత, నిద్రపోయింది.

లేపాలా? లేపకుండా పొయ్యి రాజేస్తే? ఐలవ్వ వెనక్కి వచ్చి గూట్లో అగ్గిపెట్టె తీసింది. పుల్ల గీసింది. వానకు మెత్తబడి రాలిపోయింది. ఇంకోటి గీసింది. అదీ రాలిపోయింది. ఈ నమ్మకాన్ని ఏనాడూ నమ్మని తాను ఇంత తొందరగా ఎందుకు గీస్తున్నట్టు? ఆ ప్రశ్న కూడా ఆమెకు అప్పుడే పుట్టింది. మూడో పుల్ల తీసింది.

"ఐలవ్వా."

కొమురవ్వ గోడ పట్టుకుని నిలబడి ఉంది. పుల్ల గీసే చప్పుడు విన్నది. వచ్చి కూలబడి బూడిదలో రెండు చేతులూ మోచేతుల దాకా పెట్టింది. అటూ ఇటూ తడిమింది.

"నేను పండుకున్న," అంది.

"అత్తా, లొట్టికి సున్నం పెట్టిండు రాజమల్లయ్య. నీ తప్పు కాదు—"

"మళ్ల పండుకున్న."

"నేను రాజేస్త అత్తా, జెర ఆగు."

"ఇప్పుడు రాజేస్తె ఏమొస్తది? ఆరింది ఆరనే ఆరింది. పొద్దు ఎంతయింది? వాడు రాలేదా?"

పొద్దు గుంకింది. రాలేదు. రోజూ ఈపాటికి వచ్చేవాడు. అది కొమురవ్వకూ తెలుసు. ఇద్దరూ చల్లటి పొయ్యి ముందు కూర్చున్నారు. ఐలవ్వ వనానికి పరుగెత్తాలనుకుంది. అత్త ఆమె చెయ్యి పట్టుకుంది, బూడిద చేతులతో, విడవలేదు.

బాట మీద అడుగుల చప్పుడు వినిపించింది. ఒకరివి కావు, నలుగురైదుగురివి. కొమురవ్వ లేచి నిలబడింది.

"ఎవ్వలు లేరా ఇంట్ల? దీపం గూడ పెట్టలే," అన్నాడు కాశయ్య.

నడిచి వచ్చాడు. భుజాన మోకు, చేతిలో కుండ. వెనకాల రాజమల్లయ్య, ఇంకో ఇద్దరు గీసేవాళ్లు. కల్లు దుకాణం దగ్గర కొలత మీద గొడవ పడి ఆలస్యమైందట. ఆ గొడవ ఇంకా నోళ్లలోనే ఉంది. కొమురవ్వ కొడుకు మీద పడి, తల నుంచి మొదలుపెట్టి భుజాలు, చేతులు, మోకాళ్లు, పాదాలు అన్నీ తడిమింది. అతని ఒంటి నిండా బూడిద పూసింది.

"ఏందవ్వా గిది?"

"మోకు జారలేదా కొడుకా? జెరంత గూడ?"

"జారలే. ఎందుకు జారుతది?"

"పొయ్యి ఆరింది. పగటి నుంచి ఆరే ఉన్నది. నేను పండుకున్న."

"ఆరితె ఆరింది. సన్నీళ్లు పోసుకుంట," అన్నాడు కాశయ్య. ఈ కాస్తదానికి ఇంత గోల ఏమిటన్నట్టు పెళ్లాం వైపు చూశాడు. ఐలవ్వ అత్తనే చూస్తోంది.

కొమురవ్వ మెల్లగా నేలమీద కూర్చుంది. ఏదో లెక్క చూసుకుంటున్నదానిలా మొహం పెట్టింది. "నేను పండుకున్న. పొయ్యి ఆరింది. నువ్వు నడుసుకుంట వచ్చినవ్." ఆగింది. మళ్లీ మొదటి నుంచి అదే అంది. మూడోసారి అనబోయి, తలెత్తి, "అయితే మీ బాపు నావల్ల పోలేదా?" అని అడిగింది.

కాశయ్య నివ్వెరపోయాడు. "నీవల్ల అని ఎవలన్నరవ్వా?"

కొమురవ్వ రాజమల్లయ్య గొంతు ఉన్న వైపు తిరిగింది. "రాజమల్లన్నా, నువ్వు గాడనే ఉంటివి గద. మరి ఆయన ఎందుకు పడ్డట్టు?"

"వాన పడ్డది చెల్లె," అన్నాడు రాజమల్లయ్య. "వనం మీదనే కొట్టింది, ఊళ్లె సుక్క రాలలే. సెట్టు నున్నగయింది. వద్దన్న. ఇదొక్కటి గీసి దిగుత అన్నడు. నాకు ఇప్పటికీ కండ్ల ముంగట ఉన్నది." గొంతు సవరించుకున్నాడు. "గింత కాలం ఎన్నడు అడగక పోతివి. అడిగితె చెప్తుంటి గదా."

కొమురవ్వ ఏడ్చింది. తల్లి అట్లా ఏడవడం తానెప్పుడూ చూడలేదని కాశయ్య తరువాత చెప్పేవాడు. ఏడ్చి, ముక్కు చీది, రాజమల్లయ్యను కూర్చోబెట్టుకుని ఒక్కొక్కటే అడిగింది. ఏ చెట్టు అది? వాన పెద్దదా చిన్నదా? పడ్డాక మాట్లాడాడా? నీళ్లు అడిగాడా? నన్ను తలుచుకున్నాడా? పిల్లాడి పేరు తీశాడా? రాజమల్లయ్య గుర్తున్నంతవరకు చెప్పాడు, గుర్తులేనిది లేదన్నాడు. ఆమె మళ్లీ అడిగింది. కాశయ్య చన్నీళ్లు పోసుకుని తల తుడుచుకుంటూ వచ్చి తల్లి పక్కన కూర్చుని విన్నాడు. అతనికీ ఇవన్నీ కొత్తవే. ఐలవ్వ చేతిలో అగ్గిపెట్టె అట్లాగే ఉంది. పొయ్యి రాజేయమని ఆ సాయంత్రం ఎవరూ ఆమెకు చెప్పలేదు.